బంగారు రంగు మందు వెనుక మనిషి: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

స్వర్ణోత్సవ సంచికలో బడి జ్ఞాపకాలు చాలామంది రాస్తారు. అందుకని నేను ఒక తెలుగు శాస్త్రవేత్త జీవితాన్ని ఎంచుకున్నాను. నేను వైద్యుణ్ణి కాదు, ఇంజనీరును. యంత్రం ఎలా నడుస్తుంది, ఎక్కడ పట్టుకుంటే ఆగుతుంది అని చూడటమే నా వృత్తి. ఆ దృష్టితో చదివినప్పుడు ఈయన జీవితం నాకు మరింత దగ్గరగా అనిపించింది.

మల్కాజ్‌గిరి నుంచి లాలాపేట మీదుగా తార్నాక చేరితే, అక్కడి నుంచి హబ్సిగూడ దాకా పరిశోధనాలయాలే. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఆనుకుని జాతీయ పోషకాహార సంస్థ, ఆ దారిలోనే మన చిన్నప్పుడు ఆర్.ఆర్.ఎల్. అని పిలిచిన నేటి ఐ.ఐ.సి.టి., దాని దగ్గరే సి.సి.ఎం.బి. ఆ ప్రహరీ గోడల పక్కనుంచి సిటీ బస్సుల్లో ఎన్నిసార్లు తిరిగామో లెక్కలేదు. ఆ గోడల లోపల రక్తహీనత గురించి, బ్యాక్టీరియా గురించి జరిగే పనికి ఒక కొస మన గోదావరి జిల్లాలో పుట్టి అమెరికాలో కన్నుమూసిన సుబ్బారావు గారి చేతుల్లో ఉంది.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు పిల్లల్లో ఈయన నాలుగోవారు. తండ్రి అనారోగ్యంతో ఉద్యోగం ముందుగానే వదులుకోవడంతో ఇల్లు గడవడం కష్టమైంది. రాజమండ్రిలో చదువుతున్న రోజుల్లో కుర్రవాడికి బడి మీద మనసు నిలవలేదు. కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదిస్తానని ఇంట్లోంచి పారిపోయాడు. పెద్దలు వెనక్కి తీసుకొచ్చి మళ్లీ చదువులో పెట్టారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో, మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కాడు. రెండుసార్లు తప్పిన ఆ విద్యార్థే తర్వాత ప్రపంచంలోని ప్రతి జీవరసాయన పాఠ్యపుస్తకంలోకి ఎక్కాడు. పదో తరగతి ఫలితాల రోజున మన గురువులు పిల్లలకు ఈ సంగతి చెబితే బాగుంటుంది.

ప్రెసిడెన్సీ కాలేజీలో చదివాక సన్యాసం తీసుకుని రామకృష్ణ మిషన్‌లో చేరాలనుకున్నారు. వైద్యం చదివితే ఎక్కువ మందికి సేవ చేయవచ్చని అక్కడివారు నచ్చజెప్పడంతో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఆ చదువుకు డబ్బు సాయం చేసినవారిలో కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు ముఖ్యులు. 1919లో ఆయన కుమార్తె శేషగిరిని సుబ్బారావు పెళ్లి చేసుకున్నారు.

ఆ రోజుల్లోనే ఇంట్లో పిడుగు పడింది. స్ప్రూ అనే వ్యాధితో ఇద్దరు అన్నదమ్ములు పురుషోత్తం, కృష్ణమూర్తి రోజుల తేడాతో చనిపోయారు. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం పలచబడుతుంది, మనిషి కళ్ల ముందే క్షీణించిపోతాడు. దానికి అప్పట్లో మందు లేదు. వైద్య విద్యార్థి అయి ఉండి కూడా ఏమీ చేయలేకపోయిన ఆ అనుభవమే ఆయన తర్వాతి జీవితానికి దిశ చూపింది.

అది స్వాతంత్ర్యోద్యమ కాలం. గాంధీగారి పిలుపు విని సుబ్బారావు ఖాదీ కట్టారు. ఆపరేషన్ థియేటర్‌లోకి కూడా ఖాదీ గౌనుతోనే వెళ్లారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. చివరికి ఎం.బి.బి.ఎస్. డిగ్రీ బదులు అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది. ప్రభుత్వ వైద్య ఉద్యోగం రాలేదు. మద్రాసులో డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం పాఠం చెప్పారు. ఆయుర్వేద ఔషధాల మీద ఆసక్తి పెరిగినా, అసలు రోగకారణం వెతకాలంటే పెద్ద ప్రయోగశాల కావాలని గ్రహించారు. మామగారి సాయం, కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం తీసుకుని ఓడెక్కారు. 1922 అక్టోబరు 26న బోస్టన్‌లో దిగారు.

హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల చదువుకు సీటు ఉంది కానీ చేతిలో డబ్బు లేదు. ఒక ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పని చేస్తూ పగలు చదువుకున్నారు. డిప్లొమా పూర్తయ్యాక సైరస్ ఫిస్కే అనే ఆచార్యుడి దగ్గర జీవరసాయన ప్రయోగశాలలో చేరారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో రంగును బట్టి కొలిచే పద్ధతిని వారిద్దరూ 1925లో ప్రకటించారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే పేరుతో ఎన్నో దశాబ్దాలు ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో వాడారు.

ఆ కొలత చేతిలో ఉండబట్టే తర్వాతి రెండు ఆవిష్కరణలు సాధ్యమయ్యాయి. 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని గుర్తించారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే కాలంలో విడిగా ఏ.టి.పి.ని కనుగొన్నాడు. మనం చెయ్యి ఎత్తినా, రెప్ప వేసినా ఖర్చయ్యే శక్తి ఏ.టి.పి. రూపంలోనే ఖర్చవుతుంది. ఒంట్లో చెలామణి అయ్యే నగదు అది. 1930లో హార్వర్డ్ ఆయనకు పిహెచ్.డి. ఇచ్చింది. శాశ్వత ఉద్యోగం మాత్రం ఇవ్వలేదు. మరో పదేళ్లు అక్కడే చిన్న హోదాలో కాలేయం నుంచి విటమిన్లు వేరుచేసే పని చేశారు.

1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెరల్ రివర్ ఊళ్లో ఉన్న లెడర్లీ ఔషధ సంస్థకు మారారు. రెండేళ్లలో అక్కడి పరిశోధన విభాగానికి డైరెక్టరయ్యారు. మిగిలిన ఆయుష్షు ఎనిమిదేళ్లే. ఆ ఎనిమిదేళ్లలో జరిగిన పని చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

మొదటిది ఫోలిక్ ఆమ్లం. దీని కథకు మన దేశంలోనే ఒక అధ్యాయం ఉంది. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే బ్రిటిష్ వైద్యురాలు బొంబాయి గర్భిణుల్లో వచ్చే ఒక రకం రక్తహీనతను ఈస్ట్ సారంతో తగ్గించవచ్చని చూపింది. ఆ పనిలో కొంత భాగం నీలగిరుల్లోని కూనూరులో జరిగింది. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పుట్టింది కూడా కూనూరులోనే. 1958లో అది హైదరాబాద్‌కు తరలి వచ్చింది. ఆ ఈస్ట్ సారంలోని పదార్థం ఏమిటో చాలాకాలం ఎవరికీ తేలలేదు. సుబ్బారావు నడిపిన బృందం 1945లో దాన్ని ప్రయోగశాలలో తయారు చేసి, నిర్మాణం తేల్చింది. అదే ఫోలిక్ ఆమ్లం. అన్నదమ్ముల్ని మింగిన స్ప్రూ వ్యాధి రోగులకు దాన్ని ఇస్తే కోలుకున్నారు. మందు దొరికింది, పాతికేళ్లు ఆలస్యంగా. ఇవాళ మన గర్భిణులకు ప్రభుత్వం పంచే ఐరన్ మాత్రల్లో ఉన్నది ఆ ఫోలిక్ ఆమ్లమే.

ఇక్కడే బ్యాక్టీరియాను చంపే మందులు ఎలా పనిచేస్తాయన్న ప్రశ్నకు ఒక తాళంచెవి దొరికింది. రోగకారక బ్యాక్టీరియా కూడా మనలాగే జీవకణం. దాన్ని చంపే విషం మనల్నీ చంపవచ్చు. కాబట్టి దానిలో ఉండి మనలో లేని భాగమేదో వెతికి, అక్కడ దెబ్బ కొట్టాలి. 1935 నుంచి వాడుకలోకి వచ్చిన సల్ఫా మందులు బాగా పనిచేసేవి, ఎందుకో మాత్రం పూర్తిగా అర్థం కాలేదు. ఫోలిక్ ఆమ్లం నిర్మాణం బయటపడ్డాక చిత్రం స్పష్టమైంది. మనం తోటకూర, పాలకూర, పప్పుల నుంచి ఫోలిక్ ఆమ్లాన్ని తయారు సరుకుగా తీసుకుంటాం. చాలా రకాల బ్యాక్టీరియా అలా తీసుకోలేవు, లోపలే తయారు చేసుకోవాలి. ఆ తయారీకి కావలసిన ముడిసరుకు ముక్కను పోలి ఉంటుంది సల్ఫా మందు. బ్యాక్టీరియా పొరపాటున దాన్ని యంత్రంలో పెట్టుకుంటుంది, యంత్రం బిగుసుకుపోతుంది. మనకు ఆ యంత్రమే లేదు కాబట్టి ఆ దెబ్బ మనకు తగలదు.

అదే తాళంచెవిని సుబ్బారావు బృందం ఇంకో తలుపుకు పెట్టింది. ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన నకిలీలను తయారు చేసి, శరవేగంగా పెరిగే క్యాన్సర్ కణాలకు ఇస్తే ఏమవుతుంది? బోస్టన్‌లో పిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బర్ అలాంటి అమినోప్టెరిన్‌ను రక్త క్యాన్సర్ పిల్లలకు ఇచ్చాడు. కొందరిలో వ్యాధి తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గింది. 1948 జూన్‌లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. దానికి తమ్ముడి వంటి మెథోట్రెక్సేట్ నేటికీ రక్త క్యాన్సర్‌కు, కీళ్లవాతానికి వాడుతున్నారు. ఇదే కాలంలో, 1947లో, బోదకాలు వ్యాధికి హెట్రజాన్ అనే మందు లెడర్లీ నుంచి వచ్చింది. గోదావరి జిల్లాల్లో బోదకాలు చూసి పెరిగిన మనిషికి ఆ పని ఎంత దగ్గరిదో ఊహించవచ్చు. మన రాష్ట్రాల్లో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి మింగించే డి.ఇ.సి. మాత్ర అదే.

ఇక బంగారు రంగు మందు. యుద్ధం ముగిసే నాటికి వైద్యుల చేతిలో రెండు గొప్ప యాంటీబయాటిక్‌లు ఉన్నాయి. పెన్సిలిన్ బ్యాక్టీరియా గోడ మీద దెబ్బ కొడుతుంది. మన కణాలకు గోడ లేదు, పలచని పొర మాత్రమే ఉంది, అందుకే మనకు హాని తక్కువ. కానీ బ్యాక్టీరియాలో రెండు పెద్ద తెగలున్నాయి. 1884లో డెన్మార్క్ వైద్యుడు గ్రామ్ కనిపెట్టిన రంగు పరీక్షలో ఊదా రంగు నిలుపుకునేవి గ్రామ్ పాజిటివ్. చీముగడ్డలు కట్టించే స్టెఫైలోకాకస్, గొంతునొప్పి తెచ్చే స్ట్రెప్టోకాకస్ ఆ తెగవి. వాటి గోడ మందం, పైన కప్పు ఉండదు, పెన్సిలిన్ సులువుగా అందుకుంటుంది. రంగు నిలవనివి గ్రామ్ నెగెటివ్. టైఫాయిడ్, కలరా, మూత్రనాళ ఇన్ఫెక్షన్లు తెచ్చేవి ఎక్కువగా ఇవే. వీటి గోడ పలచన, కానీ దానిపైన మరో పొర రక్షణగా ఉంటుంది. నాటి పెన్సిలిన్ ఆ పొర దాటడానికి తంటాలు పడేది. రెండో మందు స్ట్రెప్టోమైసిన్ క్షయ క్రిమి మీద, కొన్ని గ్రామ్ నెగెటివ్ క్రిముల మీద పనిచేసింది. కానీ ఇంజక్షనే చేయాలి, క్రిములు త్వరగా లొంగకుండా పోయేవి. టైఫస్ జ్వరం తెచ్చే రికెట్సియా వంటివి మన కణాల లోపలే దాక్కుంటాయి, వాటికి ఈ రెండూ చాలవు.

రెండు తెగల మీదా పనిచేసే, నోటితో మింగగలిగే మందు కావాలని సుబ్బారావు వెతుకులాట మొదలుపెట్టించారు. ఆ పని అప్పగించింది బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్తకు. విశ్వవిద్యాలయం నుంచి పదవీ విరమణ చేసి, డెబ్బై ఏళ్లు దాటిన మనిషి ఆయన. పలుచోట్ల నుంచి మట్టి నమూనాలు తెప్పించి, ఒక్కొక్కదానిలోని సూక్ష్మజీవుల్ని పెంచి, ఏది ఏ క్రిమిని ఆపుతుందో చూడాలి. మిస్సోరీ విశ్వవిద్యాలయ పొలం నుంచి వచ్చిన మట్టిలో బంగారు పసుపు రంగు జీవి ఒకటి కనిపించింది. లాటిన్‌లో బంగారం పేరు కలిపి, అది తయారుచేసే మందుకు ఆరియోమైసిన్ అని పేరు పెట్టారు. 1948 జూలైలో లోకానికి ప్రకటించారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది అదే.

అది కొట్టే చోటు వేరు. బ్యాక్టీరియా కణంలో ప్రోటీన్లు తయారుచేసే చిన్న చిన్న యంత్రాలుంటాయి, వాటి పేరు రైబోజోములు. అమైనో ఆమ్లాలు ఒక్కొక్కటే వచ్చి కూర్చుంటూ గొలుసుగా అల్లుకుపోతాయి. టెట్రాసైక్లిన్ వెళ్లి ఆ కూర్చునే చోటుకు అడ్డం పడుతుంది. కొత్త సరుకు దిగదు, తయారీ ఆగుతుంది. క్రిమి వెంటనే చావదు కానీ పెరగదు, మిగతా పని మన ఒంటి రోగనిరోధక శక్తి చూసుకుంటుంది. మనకూ రైబోజోములున్నాయి కానీ నిర్మాణం వేరు, పైగా మన కణాలు ఈ మందును అంతగా లోపలికి లాగవు. ఈ వివరాలన్నీ సుబ్బారావు పోయాక ఏళ్ల తర్వాత తేలాయి. కలరా, స్క్రబ్ టైఫస్, కొన్ని రకాల న్యుమోనియాకు ఈ కుటుంబపు మందులు ఇప్పటికీ వాడతారు. 1994లో సూరత్‌లో ప్లేగు భయం పుట్టినప్పుడు జనం మందుల షాపుల్లో వెతికింది టెట్రాసైక్లిన్ కోసమే. కళ్లు పోగొట్టే ట్రకోమాకు ఇళ్లలో రాసిన పసుపు రంగు కంటి ఆయింట్‌మెంట్‌ను మన తరం మరిచిపోయి ఉండదు. భారతదేశంలో ట్రకోమా ఇక ప్రజారోగ్య సమస్య కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ప్రకటించింది.

ఆరియోమైసిన్ ప్రకటించిన కొద్ది వారాలకే, 1948 ఆగస్టు రెండో వారంలో, సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. వయసు 53. ఇరవై ఆరేళ్లలో ఒక్కసారి కూడా స్వదేశం రాలేదు. భార్య శేషగిరి గారు ఆయన్ని మళ్లీ చూడలేదు. ఆయన వెళ్లాక పుట్టిన బిడ్డ పసితనంలోనే పోయాడు, తండ్రి ఆ ముఖం చూడనే లేదు. ఇంతమంది పిల్లల్ని బతికించిన జీవితంలో ఈ లోటును మెచ్చుకోలు మాటలతో కప్పలేం. ఆ త్యాగంలో సగం బరువు మోసింది పేరు తెలియకుండా మిగిలిపోయిన ఆ ఇల్లాలు.

ఆయన పేరు కూడా అంతగా వినపడకపోవడానికి కారణం ఉంది. ఆరియోమైసిన్ వ్యాసం మీద, పేటెంటు మీద ఉన్నది డగ్గర్ పేరు. మిగతా మందుల విషయంలోనూ పని చేసిన సహచరులే ముందు నిలబడ్డారు. అమెరికాలో పాతికేళ్లకు పైగా ఉన్నా పౌరసత్వం తీసుకోలేదు. నోబెల్ దరిదాపులకు రాలేదు. ఒక శిలీంధ్రానికి ఆయన పేరుతో సుబ్బరోమైసిస్ అని పెట్టారు. శతజయంతికి, 1995లో, మన తపాలా శాఖ ఒక బిళ్ల విడుదల చేసింది.

ఇక నాకు గట్టిగా చెప్పాలనిపించే విషయం. ఆ మందుల బలమంతా క్రిమికీ మనకూ మధ్య ఉన్న ఒక చిన్న తేడా మీద నిలబడి ఉంది. క్రిములు ఆ తేడాను చెరిపేసుకోగలవు. టెట్రాసైక్లిన్ లోపలికి రాగానే నీళ్ల మోటారులా బయటికి తోడేసే పంపును కొన్ని బ్యాక్టీరియా తయారు చేసుకున్నాయి. ఆ పంపు నమూనాను పక్క బ్యాక్టీరియాకు, వేరే జాతివాటికి కూడా ఇవ్వగలవు. మందు ఎంత ఎక్కువగా, ఎంత అనవసరంగా వాడితే పంపు ఉన్నవి అంతగా మిగిలి పెరుగుతాయి. సుబ్బారావు పోయిన కొద్దికాలానికే లెడర్లీలోనే, ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పిప్పి కోడిపిల్లలకు పెడితే తొందరగా బరువు పెరుగుతాయని కనుగొన్నారు. దాంతో ప్రపంచమంతటా జబ్బులేని కోళ్లకూ పశువులకూ యాంటీబయాటిక్ దాణా అలవాటైంది. ఆఖరి అస్త్రంగా దాచుకోవలసిన కొలిస్టిన్‌ను కోళ్లకు, పశువులకు వాడకూడదని మన దేశం 2019లో నిషేధించవలసి వచ్చింది. మన పటాన్‌చెరు మురుగునీటి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చిన నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ భారీ మోతాదులో ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లోనే చూపారు.

వైరస్ జ్వరాలకు ఈ మందులు పనికిరావు. వైరస్‌కు గోడా లేదు, సొంత రైబోజోమూ లేదు, ఫోలిక్ ఆమ్లం యంత్రమూ లేదు. మందు కొట్టడానికి అక్కడ చోటే లేదు. జలుబుకు, డెంగీకి, కోవిడ్‌కు డాక్సీసైక్లిన్ వేసుకుంటే వైరస్‌కు ఏమీ కాదు. కడుపులోని మంచి బ్యాక్టీరియా పోతాయి, మొండివి మిగులుతాయి.

మన బడిలో చదివినవాళ్లలో మందుల కంపెనీల్లో పనిచేసేవారున్నారు, మెడికల్ షాపులు నడిపేవారున్నారు, కోళ్ల ఫారాలున్నవారున్నారు, మురుగునీటి శుద్ధి చూసే నాలాంటి ఇంజనీర్లున్నారు, డాక్టర్లున్నారు. చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మకపోవడం, దాణాలో కలపకపోవడం, ఫ్యాక్టరీ నీటిని నిజంగా శుద్ధి చేసి వదలడం, డాక్టర్ చెప్పినన్ని రోజులు చెప్పినట్టే వేసుకోవడం, ఎవరి చోట వారు చేయగలిగినవే. పిల్లలకు చెప్పవలసింది ఇంకొకటుంది. బ్యాక్టీరియా గోడ ఎలా పెరుగుతుందో కనిపెట్టినందుకు సి.సి.ఎం.బి. శాస్త్రవేత్త మంజులారెడ్డి గారికి 2019లో ఇన్ఫోసిస్ బహుమతి వచ్చింది. కొత్త మందు పుట్టాలంటే ఇలాంటి వెతుకులాటే మళ్లీ జరగాలి, అది మన బడికి కొద్ది కిలోమీటర్ల దూరంలో జరుగుతోంది. మెట్రిక్ రెండుసార్లు తప్పిన భీమవరం కుర్రవాడు చేసిన పనిని అందుకునేవారు రేపు మన తరగతి గదుల్లోంచి రావచ్చు. వాళ్లు వచ్చేదాకా ఆ మందుల్ని పాడుచేయకుండా కాపాడటం మన వంతు.